గడ్డి మందు డబ్బాకు పిట్టగోడ

తెలుగులో ‘మందు’ అనే మాటకు ఉన్నన్ని ముఖాలు మరో మాటకు ఉండవేమో. జ్వరానికి మింగేదీ మందే, సాయంత్రం సీసాలోంచి గ్లాసులో పోసుకునేదీ మందే, చేనులో కొట్టేదీ మందే. అందుకే ఊరి నుంచి “ఫలానా అబ్బాయి మందు తాగాడు పాస్టరుగారూ” అని ఫోను వస్తే, ముందు ఏ మందు అని అడగాల్సి వస్తుంది. పురుగుల మందు అని తెలిశాక ఇక అడగడం మానేస్తాం. అసలు అడగాల్సింది అప్పుడే.

మన పత్రికల జిల్లా పేజీల్లో ఈ వార్త ఒకే అచ్చులో పోసినట్టు వస్తుంది. పేరు, వయసు, మండలం, అప్పో కుటుంబ కలహమో ఒక వాక్యం, చికిత్స పొందుతూ మృతి. డబ్బా మీద ఏ రసాయనం పేరు ఉందో ఎక్కడా ఉండదు. మన ప్రసంగాల్లోనూ ఉండదు. మనం ఆ మనిషి నిరాశ గురించి, విశ్వాసం గురించి, ఇంటివారి ప్రార్థనా జీవితం గురించి మాట్లాడతాం. అవి మాట్లాడవలసినవే. అయితే మందు తాగిన మనిషి ఆసుపత్రి నుంచి నడిచి ఇంటికి వస్తాడా, పెట్టెలో వస్తాడా అన్నది ఎక్కువగా అతని నిరాశ లోతు మీద ఆధారపడి ఉండదు. ఆ క్షణంలో చేతికి అందిన డబ్బా ఏదన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఈ వారం ఆ డబ్బా గురించే రాస్తున్నాను.

జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో సుమారు నాలుగో వంతు విషం వల్ల. పల్లెల్లో విషమంటే ఎక్కువగా పొలం మందే. బజారుకు వెళ్లి కొనుక్కోనక్కర్లేదు, పశువుల కొట్టంలోనో, అటక మీదో, మంచం కిందో ఉంటుంది. పంట కోసం అప్పు మీద తెచ్చిన సరుకు అది.

మనం ఒకే పేరుతో పిలిచే ఈ మందులు శరీరంలో చేసే పని ఒక్కటి కాదు. రెండింటి సంగతి చూద్దాం.

మొదటిది పురుగుల మందుల్లో పెద్ద కుటుంబం, ఆర్గానోఫాస్ఫేట్లు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి పేర్లు పత్తి, మిరప రైతులకు కొత్త కాదు. మన నరం కండరానికి కబురు పంపాలంటే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. కబురు అందగానే ఒక ఎంజైము వచ్చి ఆ రసాయనాన్ని తుడిచేస్తుంది. ఈ మందు ఆ ఎంజైమును పట్టుకుని పని చేయనివ్వదు. కబురు ఆగదు. నోట్లో చొంగ, ఒంటి నిండా చెమట, కంటిపాప సూదిమొనంత అవుతుంది, ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి, కండరాలు అదిరి అదిరి చివరికి ఊపిరి తీసే శక్తి కూడా పోతుంది. పురుగు చచ్చేదీ ఇదే దారిలో. దేవుడు పురుగు నరానికీ మనిషి నరానికీ ఒకే కబురు పద్ధతి పెట్టాడు, మందుకు తేడా తెలియదు.

అయినా ఇక్కడ వైద్యుడి చేతిలో ఆయుధం ఉంది. అట్రోపిన్ అనే ఇంజెక్షన్ ఆ కబుర్ల వరదకు అడ్డుకట్ట వేస్తుంది. వెంటిలేటరు ఉంటే ఊపిరి నిలబెట్టవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ప్రతి కుటుంబానికీ తెలియాలి. మొదటి రోజు తేరుకున్నట్టు కనిపించిన మనిషికి రెండో రోజో మూడో రోజో మెడ, ఛాతీ కండరాలు చచ్చుబడి శ్వాస ఆగిపోవచ్చు. శ్రీలంక వైద్యులు ఇద్దరు 1987లో ఈ మధ్య దశను గుర్తించి వివరించారు. “బాగానే మాట్లాడుతున్నాడు, బిల్లు పెరుగుతోంది, ఇంటికి తీసుకెళ్తాం” అని రెండో రోజు సంతకం పెట్టి తీసుకువచ్చే కుటుంబాలు ఈ సంగతి తెలియకే అలా చేస్తాయి.

రెండోది పారాక్వాట్. రైతులు గడ్డి మందు అంటారు. గడ్డి మందులన్నీ ఇది కావు. గ్లైఫోసేట్ కూడా గడ్డి మందే, అది తాగినవారిలో ఎక్కువ మంది బతుకుతారు. పారాక్వాట్ 1962లో మార్కెట్లోకి వచ్చింది. చల్లిన కొద్ది గంటల్లో ఆకు వాడిపోతుంది, నేలకు తగిలితే మట్టికి అతుక్కుని శక్తి కోల్పోతుంది కాబట్టి తర్వాత వేసే పంటకు హాని ఉండదు. కూలీలు దొరకని కాలంలో రైతుకు ఇంతకంటే కావలసింది ఏముంటుంది? మనిషి శరీరంలోకి వెళ్తే మాత్రం కథ వేరు. మన ఊపిరితిత్తులు తమకు అవసరమైన కొన్ని పదార్థాలను రక్తంలోంచి పిలిచి తీసుకుంటాయి. పారాక్వాట్ రూపం వాటిని పోలి ఉండడం వల్ల దీన్నీ అదే వాకిట్లోంచి లోపలికి పిలుచుకుంటాయి. లోపలికి వెళ్లాక అది ఆక్సిజన్‌నే ఆయుధంగా మార్చి కణాలను కాలుస్తుంది. అందుకే ఊపిరాడని ఈ రోగికి ఆక్సిజన్ పెట్టడానికి కూడా వైద్యులు జంకుతారు, పెడితే నష్టం పెరుగుతుంది. దీనికి విరుగుడు లేదు.

ఆసుపత్రి వరండాలో నిలబడిన కాపరులకు ఈ మందు క్రూరత్వం తెలుసు. నోరు, గొంతు పుండ్లు పడి ఉన్నా మనిషికి తెలివి ఉంటుంది. మాట్లాడతాడు. భార్యను పిలుస్తాడు, పిల్లల స్కూలు ఫీజు గురించి చెప్తాడు, తప్పు చేశాను బతికించండి అంటాడు. మూత్రపిండాలు, కాలేయం ఒకటొకటిగా దెబ్బతింటాయి, ఊపిరితిత్తులు గట్టిపడతాయి. కొందరికి రోజులు, కొందరికి వారాలు. బతకాలని నిర్ణయించుకున్న మనిషి కోసం ప్రార్థన చేస్తూ, డాక్టరు ముఖం వైపు చూడలేక నిలబడటం ఎలా ఉంటుందో ఆ వరండాలే చెప్పాలి. చావు నొప్పి లేకుండా వస్తుందనుకుని ఆ డబ్బా మూత తీసేవారికి ఎవరూ ఈ సంగతి ముందుగా చెప్పరు.

విషం ఫ్యాక్టరీల్లోనే పుడుతుందనీ, ప్రకృతి ఇచ్చిందంతా మేలేననీ మన విశ్వాసుల్లో ఒక నమ్మకం ఉంది. దానికి జవాబుగా మిషనరీ చరిత్రలోనే ఒక పుట ఉంది. 1846లో స్కాట్లండ్ ప్రెస్బిటీరియన్ మిషనరీలు ఇప్పటి నైజీరియాలోని కాలబార్‌లో దిగారు. అక్కడ మంత్రగత్తె అని ఎవరిపై నింద పడినా, ఒక తీగకు కాసే గింజను నూరి నీళ్లలో కలిపి తాగించేవారు. వాంతి చేసుకుంటే నిర్దోషి, చస్తే దోషి. మిషనరీలు ఈ ఆచారాన్ని ఎదిరించారు, ఆ గింజలు ఎడిన్‌బరో వైద్యుల చేతికీ చేరాయి. 1855లో రాబర్ట్ క్రిస్టిసన్ అనే ప్రొఫెసరు ఆ గింజ ముక్కను తానే తిని చూశాడు. ఒళ్లు తేలిపోతుండగా, గడ్డం గీసుకున్న సబ్బు నీళ్లు గుటకేసి వాంతి చేసుకుని బయటపడ్డాడు. (ఈ పద్ధతిని ఎవరూ అనుకరించకండి, దాని సంగతి కింద రాస్తాను.) తర్వాత అదే ఊరిలో థామస్ ఫ్రేజర్ ఆ గింజ విషానికి అట్రోపిన్ ఎలా ఎదురు నిలుస్తుందో పరిశోధించి చూపాడు. అట్రోపిన్ కూడా బెల్లడోనా అనే విషపు మొక్క నుంచి వచ్చిందే. ఆ గింజలోని పదార్థం పట్టుకునేదీ పురుగుల మందు పట్టుకునే ఎంజైమునే. దాని నమూనాలోనే కార్బమేట్ అనే మరో పురుగుల మందుల కుటుంబం పుట్టింది.

ఆర్గానోఫాస్ఫేట్ల పుట్టుక ఇంకో రకం. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త పురుగులను చంపే మందు వెతుకుతూ టాబూన్ అనే పదార్థం తయారు చేశాడు. అది యుద్ధంలో వాడే విషవాయువుగా మారింది. అంటే పొలం మందు, యుద్ధ విషం ఒకే బల్ల మీద పుట్టిన తోబుట్టువులు. ఒకదాన్ని సైన్యం గిడ్డంగిలో కాపలా మధ్య పెట్టారు, రెండోదాన్ని మన మంచం కింద పెట్టుకున్నాం.

ఇక అసలు విషయానికి వస్తాను. “చావాలనుకున్నవాడు ఏదో ఒక దారి వెతుక్కుంటాడు, ఒక మందు ఆపితే ఇంకొకటి తాగుతాడు” అని అందరూ అంటారు. చదువుకున్నవారూ అంటారు, కాపరులూ అంటారు. వినడానికి నిజంలాగే ఉంటుంది. మన పక్కనే ఉన్న ద్వీపం అది నిజం కాదని చూపింది.

1995 ప్రాంతంలో ప్రపంచంలోనే అత్యధిక ఆత్మహత్యల రేటు ఉన్న దేశాల్లో శ్రీలంక ఒకటి. వరి, కూరగాయల రైతుల ఇళ్లలో మందు డబ్బాలు, చిన్న తగాదాకు తాగేయడం, మన గుంటూరు, వరంగల్ పల్లెలకు తేడా లేదు. అక్కడి ప్రభుత్వం మందులన్నిటినీ ఆపలేదు. తాగినవారిలో ఎక్కువ మందిని చంపుతున్నవి ఏవో ఆసుపత్రి లెక్కల్లో చూసి వాటినే ఒకటొకటిగా తొలగించింది. 1984లో పారాథియాన్, 1995లో మోనోక్రోటోఫాస్, మెథమిడోఫాస్, 1998లో ఎండోసల్ఫాన్. 2008 నుంచి 2011 మధ్య పారాక్వాట్, డైమెథోయేట్, ఫెంథియాన్. 2015 నాటికి ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. ఇరవై ఏళ్లలో దాదాపు 93,000 ప్రాణాలు మిగిలాయని పరిశోధకులు అంచనా వేశారు. పంట దిగుబడి పడిపోలేదు.

ఆ దేశంలో అంతర్యుద్ధం ఆ సంవత్సరాల్లో సాగుతూనే ఉంది. అప్పులు, తాగుడు, ఇంటి గొడవలు మాయం కాలేదు. మందు తాగి ఆసుపత్రికి వచ్చేవాళ్లు కూడా వస్తూనే ఉన్నారు. కాకపోతే వచ్చినవారిలో చాలా మంది ఇంటికి తిరిగి వెళ్లారు.

ఎందుకిలా? తాగేవారి మనసు గురించి మన ఊహ తప్పు కాబట్టి. వాళ్లు నెలల తరబడి ఆలోచించి నిశ్చయించుకున్నవారని మనం అనుకుంటాం. శ్రీలంకలో బతికి బయటపడ్డవారిని అడిగితే, సగానికి పైగా మంది అరగంట కూడా ఆలోచించలేదని తేలింది. మాటా మాటా పెరిగింది, తండ్రి కొట్టాడు, భర్త తాగి వచ్చాడు, మార్కులు తగ్గాయి, అప్పులవాడు గడపలో కూర్చుని తిట్టాడు. ఆ అరగంట దాటితే ఆ మనిషి బతుకుతాడు. ఆ అరగంటలో చేయి చాచినంత దూరంలో ఏముందన్నదే ప్రశ్న. ఈ అనుభవం ఒక్క శ్రీలంకదే కాదు, దక్షిణ కొరియా 2012 నాటికి పారాక్వాట్‌ను ఆపాక అక్కడా మందు తాగి చనిపోయేవారి సంఖ్య గట్టిగా పడిపోయింది.

మన దేశం సంగతి? 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమ పిండి తిని వంద మందికి పైగా చనిపోయారు. ఓడలో పిండి బస్తాలూ మందు డబ్బాలూ పక్కపక్కనే రావడం వల్ల వచ్చిన ఘోరం. దాని మీద వేసిన కమిషన్ ఫలితంగా పదేళ్లకు 1968 పురుగుమందుల చట్టం వచ్చింది. ఈనాటికీ పునాది అదే. 2008లో ఒక బిల్లు, 2020లో మరో బిల్లు రాజ్యసభ గడప తొక్కాయి. ఏదీ చట్టం కాలేదు.

2013 జూలైలో బీహార్‌లోని గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. పురుగుల మందుతో పాటు ఉంచిన నూనె అది. నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి చెప్పినా వండించారని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఎలీషా దినాల్లో కుండలో అడవి తీగ కాయలు పడినప్పుడు, తింటున్నవారు రుచి చూసి కేక వేశారు. ఆ కేక విన్నారు కాబట్టి బతికారు. గండామన్‌లో విననివాళ్లు పెద్దవాళ్లు. ఆ మందు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి చెప్పింది ఆ ఘటనకు నాలుగేళ్ల ముందు, 2009లో.

2013లోనే 66 పురుగుమందులను సమీక్షించడానికి కేంద్రం అనుపమ్ వర్మ కమిటీని వేసింది. దాని సిఫారసుల మీద 2018లో 18 మందుల నిషేధానికి ఉత్తర్వు వచ్చింది. 2020 మే నెలలో మరో 27 మందులను ఆపుతామని ముసాయిదా వచ్చింది, మోనోక్రోటోఫాస్ అందులో ఉంది. కంపెనీలు, కొన్ని రైతు సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి ఆ 27లో పూర్తిగా ఆగినవి మూడే. మోనోక్రోటోఫాస్‌లో ఎక్కువగా వాడే 36 శాతం ద్రావణానికి మాత్రం, ఉన్న సరుకు అమ్ముకోవడానికి గడువిచ్చి, సెలవు చెప్పారు. గండామన్ పిల్లలు బతికి ఉంటే అప్పటికి కాలేజీ వయసుకు వచ్చేవారు.

పారాక్వాట్ ఆ 27లో అసలు లేదు. స్వీడన్ దాన్ని 1983లో, స్విట్జర్లండ్ 1989లో ఆపాయి. 2007 నుంచి యూరపు సమాఖ్యలో అది లేదు. చైనా కూడా 2016లో ద్రావణం అమ్మకాలు ఆపింది. తమ పొలాల్లో వాడనివ్వని మందును యూరపు నేల మీద తయారు చేసి మనలాంటి దేశాలకు పంపడం ఏ నీతి కిందికి వస్తుందో ఆ దేశాల సంఘాలు కూడా తమను తాము అడుక్కోవాలి. మనకు సువార్త తెచ్చిన దేశాలవి.

రాష్ట్ర ప్రభుత్వాలు ఆపలేవా అని చాలామంది అడుగుతారు. 1968 చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం ఒక మందును 60 రోజులు ఆపవచ్చు, మరో 30 రోజులు పొడిగించవచ్చు. అంతే. ఒక పంట కాలానికి కూడా చాలని గడువు. తర్వాత దుకాణం తెరుచుకుంటుంది. శాశ్వతంగా ఆపే అధికారం కేంద్రానిది. కాబట్టి మన ఎమ్మెల్యేని నిలదీస్తే సగం పనే అవుతుంది, ఎంపీని కూడా అడగాలి.

రైతు వైపు నుంచి ఒక మాట ఉంది, దాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. మన సంఘాల్లో సగం మంది రైతులు, కౌలు రైతులు, కూలీలు. పత్తి చేనులో కలుపు తీయడానికి మనిషి దొరకడం లేదు, దొరికినా కూలి గిట్టడం లేదు. గడ్డి మందు పోతే ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? న్యాయమైన ప్రశ్న. అయితే పారాక్వాట్ లేని దేశాల్లో పత్తి, వరి పండటం ఆగలేదు. వేరే గడ్డి మందులు ఉన్నాయి, వాటిలో కొన్ని ధర ఎక్కువ, కొన్ని నెమ్మదిగా పనిచేస్తాయి. ఆ తేడా భరించమని కౌలు రైతుకు చెప్పి ప్రభుత్వం చేతులు దులుపుకోకూడదు. ప్రత్యామ్నాయానికి రాయితీ ఇవ్వమనే అడగాలి. నా అభిప్రాయం ఇది: మందు ఆపమనేవారు రైతు ఖర్చు గురించి కూడా మాట్లాడకపోతే వారి మాటకు పల్లెలో విలువ ఉండదు, ఉండకూడదు కూడా.

పైగా ఈ మందుల మొదటి దెబ్బ కొట్టేవాడికే తగులుతుంది. మన ఆదిలాబాద్‌కు సరిహద్దున ఉన్న యవత్మాల్ జిల్లాలో 2017 పత్తి కాలంలో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వారు తాగలేదు. ఏపుగా పెరిగిన పత్తిలో, ఎండలో, చేతి తొడుగులూ ముసుగులూ లేకుండా రకరకాల మందులు కలిపి కొట్టారు, చర్మం తాగింది. అలా కొట్టేవారిలో చాలామంది భూమి లేని దళిత, గిరిజన కూలీలు. ఆదివారం మన ఆరాధనలో వెనక వరుస చాపల మీద కూర్చునేవాళ్లు.

సంఘానికి ఇందులో ఏం పని అని అడిగేవారికి ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం చూపిస్తాను. కొత్త ఇల్లు కట్టినవాడు మేడకు పిట్టగోడ కట్టాలని అక్కడ ఆజ్ఞ ఉంది. కట్టకపోతే, ఎవరైనా అక్కడి నుంచి పడితే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి వస్తుంది. పడినవాడు ఎందుకు అంచుకు వెళ్లాడు, తాగి ఉన్నాడా, కోపంలో ఉన్నాడా, విశ్వాసం తక్కువైందా అని ధర్మశాస్త్రం విచారించదు. గోడ కట్టావా అని ఇంటి యజమానిని అడుగుతుంది. నేను సెమినరీలో ఉన్నప్పుడు ఈ వచనాన్ని ఇంటి నిర్మాణ నియమంగా దాటేసేవాళ్లం. పల్లె సంఘాలకు దీనికంటే దగ్గరి వచనం లేదని ఇప్పుడు అనిపిస్తుంది.

గోడ కట్టకుండా పడినవాడి మీద తీర్పు చెప్పడంలో మాత్రం మనం ముందుంటాం. మందు తాగి చనిపోయినవారికి సమాధుల తోటలో చోటివ్వని సంఘాలు, పాటలు లేకుండా చీకటి పడ్డాక పూడ్చమన్న పెద్దలు ఇంకా ఉన్నారు. 1917 నాటి కథోలిక ధర్మశాసనం బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకున్నవారికి సంఘ భూస్థాపన నిరాకరించేది. 1983లో సవరించిన శాసనంలో ఆ మాట తీసేశారు. ప్రొటెస్టంటు సంఘాల్లో అలాంటి లిఖిత నియమం చాలాచోట్ల లేకపోయినా, రాయని నియమం అంతకంటే గట్టిగా నడుస్తోంది. దావీదు దినాల్లో అహీతోపెలు ఉరి వేసుకుని చనిపోయాడు. అతణ్ని తన తండ్రి సమాధిలో పాతిపెట్టారని రెండవ సమూయేలు 17వ అధ్యాయం చెబుతుంది. ద్రోహిగా పేరుపడిన మనిషికి దొరికిన చోటు, అప్పుల పాలైన రైతుకు మన తోటలో దొరకకపోవడం ఏమిటి?

తీర్పుకు మరో నష్టం కూడా ఉంది. తాగి బతికినవారు, తాగాలని ఆలోచిస్తున్నవారు అదే సంఘంలో కూర్చుని ఆ మాటలు వింటారు. నరకానికి పోయాడని మైకులో చెప్పిన తర్వాత, నాకూ ఆ ఆలోచన వస్తోందని ఏ చెల్లెలు వచ్చి పాస్టరమ్మతో చెప్పగలదు? ఇంకోవైపు, వాడికి శాంతి దొరికింది, కష్టాలు తీరాయి అనడమూ ప్రమాదమే. కష్టాల్లో ఉన్న మరొకడికి అది దారి చూపినట్టు అవుతుంది. ఏ మందు, ఎంత, ఎలా అనే వివరాలు సమాధి కూటంలో అసలు ఎత్తకూడదు. ఫిలిప్పీలో చెరసాల అధిపతి కత్తి దూసినప్పుడు పౌలు ప్రసంగం మొదలుపెట్టలేదు. ముందు కేక వేసి ఆ చేతిని ఆపాడు. బోధ తర్వాత వచ్చింది.

ఇళ్లలో చేయగలిగింది ఏమిటి? మందు డబ్బాలు పెట్టెలో పెట్టి తాళం వేయమని చెప్పడం సులువు. శ్రీలంకలో 180 గ్రామాల్లో, 53,000కు పైగా ఇళ్లతో ఈ సంగతే పరీక్షించారు. సగం గ్రామాలకు తాళం పెట్టెలు ఇచ్చారు. మందు తాగినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2017లో ఫలితాలు వచ్చాయి. తాళం చెవి ఇంట్లోనే ఉంటుంది కదా. చిన్నపిల్లలు తెలియక తాగకుండా తాళం పనికొస్తుంది, వేయండి. పెద్దవారి విషయంలో మాత్రం డబ్బా ఇంట్లో లేకపోవడమే మేలు. ఆ పంటకు కావలసినంతే కొనండి, మిగిలితే అటకెక్కించకండి. ఇంట్లో ఎవరైనా మాట తగ్గించి, తిండి మాని, నేను లేకపోతే మీకు మేలు అంటుంటే ఆ రోజే డబ్బాను ఇంట్లోంచి తీసేయండి. ఖాళీ డబ్బాలో నూనె గానీ మంచినీళ్లు గానీ పోయకండి, ఎన్నిసార్లు కడిగినా సరే.

ఎవరైనా తాగితే ఉప్పు నీళ్లు, పేడ నీళ్లు, సబ్బు నీళ్లు పట్టించి వాంతి చేయించడం మన ఊళ్లలో అలవాటు. వద్దు. స్పృహ తగ్గుతున్న మనిషికి వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, చాలా మందులు కిరోసిన్ లాంటి ద్రావకాల్లో కలిపి ఉంటాయి కాబట్టి హాని రెట్టింపవుతుంది. మందు పడిన బట్టలు విప్పి ఒళ్లు నీళ్లతో కడిగి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి. డబ్బాను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. లేబులు చూస్తేనే డాక్టరుకు ఏ కుటుంబం మందో తెలుస్తుంది, లేకపోతే ఊహ మీద వైద్యం మొదలవుతుంది. ఎంత తక్కువ తాగినా, తాగి ఉమ్మేశానన్నా, పైకి బాగానే ఉన్నా తీసుకెళ్లాల్సిందే.

కోత పండుగ రోజు గుమ్మడికాయలు, వరి కంకులు వేలం వేస్తాం. ఆ రోజు మండల వ్యవసాయ అధికారినీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరునూ పిలిచి అరగంట సమయం ఇవ్వవచ్చు. ఏ మందుకు బదులు ఏది వాడవచ్చో ఒకరు, పైన రాసిన ప్రథమ చికిత్స మరొకరు చెప్తారు. పాస్టర్ల ఫెలోషిప్ ఉన్న ప్రతి మండలం నుంచి ఎంపీకి ఒక ఉత్తరం వెళ్లవచ్చు, పారాక్వాట్ పేరు రాసి, శ్రీలంక లెక్క రాసి, రైతుకు ప్రత్యామ్నాయ రాయితీ కూడా అడిగి. ఎన్నికలప్పుడు మన దగ్గరికి ప్రార్థన కోసం వచ్చేవాళ్లే కదా, ఈసారి మనం వారి దగ్గరికి వెళ్దాం.

చాలా కుటుంబాలు పోలీసు కేసు అవుతుందనే భయంతో మందు తాగిన సంగతి దాచి, ఆర్ఎంపీ దగ్గర గంటలు పోగొట్టుకుంటాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్షకు బదులు వైద్యం అందించాలని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. ఆసుపత్రి వారు పోలీసులకు సమాచారం ఇవ్వడం మామూలు పద్ధతి, దానికి భయపడనక్కర్లేదు. చావు ఆలోచనలు వస్తున్నవారు, అలాంటివారు ఇంట్లో ఉన్నవారు టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరును వచ్చే ఆదివారం ప్రకటనల్లో చదివి, మందిరం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.